కౌజు పిల్ల పూర్తిగా తయారయ్యాక పెంకులోనే పోతోంది. నీళ్లు ఎక్కువయ్యాయా, తక్కువయ్యాయా?

సూరి_తుని

అందరికీ నమస్కారం. మాది తుని. ఇంటి వెనక షెడ్డులో థర్మోకోల్ పెట్టెతో సొంతంగా ఇంక్యుబేటర్ చేసుకుని, జూలై నుంచి కౌజు పిట్టల గుడ్లు పొదిగిస్తున్నాను. 40 వాట్ల బల్బు, పాత కంప్యూటర్‌లోంచి తీసిన ఫ్యాను, వేడిని బట్టి బల్బుని ఆర్పి వెలిగించే, ఎర్ర అంకెలు కనిపించే థర్మోస్టాట్ బోర్డు. వేడి 37.6 మీద పెట్టాను. అడుగున వెడల్పాటి పళ్లెంలో నీళ్లు మొదటి రోజు నుంచి చివరి దాకా ఉంటాయి. రోజుకి అయిదుసార్లు చేత్తో తిప్పుతాను.

సగం పిల్లలు కూడా రావడం లేదు. ఆగిపోయిన గుడ్లు పగలగొడితే లోపల పిల్ల పూర్తిగా తయారై ఉంటోంది. ఒళ్లంతా నూగు, కాళ్లు, గోళ్లు అన్నీ వచ్చేశాయి, కానీ అంతా తడితడిగా, జిగురుగా ఉంది. పొట్ట ఉబ్బి ఉంది. కొన్ని ముక్కుతో పెంకు చిట్లించి అక్కడే ఆగిపోయాయి. గుడ్లు ఇచ్చిన ఫారం ఆయన్ని అడిగితే తేమ సరిపోలేదు, నీళ్లు పెంచు అంటున్నారు. మళ్లీ గుడ్లు తెచ్చేలోపు ఈ సంగతి తేల్చుకుందామని రాస్తున్నాను.

ధర్మవరం_నాగరాజు

ఆయన చెప్పింది కరెక్టే అన్నా. నేను రెండు పళ్లాలు పెట్టి, పైన తడి స్పాంజి కూడా పెడతా. నీళ్లు తక్కువైతే లోపల పొర ఎండిపోయి పిల్లకి అతుక్కుపోతుంది. పిల్ల తిరగలేదు, పెంకు కోయలేదు. ఇక్కడ ఆ బాధ చాలా చూసినా. నీళ్లు పెంచు, సరిపోతుంది.

కైకలూరు_పెద్దాయన

నాగరాజూ, నీది ధర్మవరం, ఆయనది తుని. నువ్వు చెప్పేది మీ ఊరికి నిజమే. తునిలో వానాకాలంలో ఆ మాట పాటిస్తే మిగిలిన పిల్లలు కూడా పోతాయి.

సూరి గారూ, పొర ఎండి చచ్చిన పిల్ల తడిగా ఉండదండి. పొర తెల్లకాగితంలా గట్టిపడి ఒంటికి అంటుకుని ఉంటుంది, పిల్ల చిన్నగా, ఎండినట్టు కనిపిస్తుంది. మీరు చెప్పేవేమో జిగురు, ఉబ్బిన పొట్ట. అది నీళ్లు ఎక్కువైన గుర్తు. గుడ్డులోంచి పోవాల్సిన నీరు పోలేదు. మొద్దు వైపు గాలి గది పెరగలేదు. పిల్ల ముందు ఆ గదిలోకి ముక్కు పెట్టి ఊపిరి తీసుకోవడం మొదలుపెట్టాలి. గది ఇరుకైతే పిల్ల ఊపిరాడక పోతుంది. చచ్చిన గుడ్లు పగలగొట్టేటప్పుడు మొద్దు వైపు నుంచి నెమ్మదిగా పెంకు వలిచి చూశారా? గాలి గది ఎంత ఉంది?

సూరి_తుని

వలిచి చూడలేదండి, నడిమికి కొట్టేశాను. రాని గుడ్లు ఇంకా నాలుగు ఉంచాను. ఇప్పుడే చూసి చెప్తా.

...చూశాను. గాలి గది చాలా చిన్నది. రూపాయి బిళ్లలో సగం కూడా లేదు. పిల్ల గుడ్డంతా నిండిపోయి ఉంది.

కైకలూరు_పెద్దాయన

అదే అనుకున్నాను. ఈసారి ఆ పళ్లెం తీసేయండి. పద్నాలుగు రోజుల దాకా ఒక్క చుక్క నీళ్లు వద్దు.

ధర్మవరం_నాగరాజు

ఒక్క చుక్క కూడానా? పెద్దాయనా, 45 శాతం అన్నా తేమ ఉండాలని అన్ని చోట్లా రాస్తారు కదా.

పశువైద్య_మిత్ర

ఇద్దరూ కొట్టుకోకండి, ఇద్దరిదీ ఒకే లెక్క. నేను పశువైద్యుణ్ణి. కోళ్లతోనే ఎక్కువ పని, కౌజులు కూడా చూస్తుంటాను.

జపనీస్ కౌజు గుడ్లకి మొదటి 14 రోజులు 45 నుంచి 50 శాతం తేమ, చివరి మూడు రోజులు 65 నుంచి 70 ఉండాలని పుస్తకాల్లో ఉంటుంది. అది పెట్టె లోపల ఉండాల్సిన తేమ. బయటి గాలి ఎంత తేమతో వస్తోందో దాన్ని బట్టి మనం నీళ్లు కలపాలా వద్దా అన్నది తేలుతుంది. గాలిని వేడి చేస్తే అందులో ఉన్న ఆవిరి అంతే ఉంటుంది, శాతం మాత్రం పడిపోతుంది.

ఆగస్టులో తునిలో 29 డిగ్రీలు, 80 శాతం తేమ అనుకుందాం. ఆ గాలి పెట్టెలోకి వెళ్లి 37.5కి వేడెక్కితే తేమ 50 శాతం దగ్గరికి వస్తుంది. అంటే పళ్లెం లేకుండానే పుస్తకంలో ఉన్న లెక్క సరిపోయింది. దాని మీద సూరి గారు వెడల్పాటి పళ్లెం నిండా నీళ్లు పెట్టారు. వాన రోజుల్లో తాడు మీద బట్టలు ఆరనట్టే గుడ్డు కూడా ఆరదు.

ఇక ధర్మవరం. ఎండాకాలం రాత్రి 30 డిగ్రీలు, తేమ 35 శాతం అనుకుంటే, ఆ గాలి వేడెక్కాక 23 శాతమే ఉంటుంది. అక్కడ నాగరాజు గారు రెండు పళ్లాలు, స్పాంజి పెట్టకపోతే గుడ్లు ఎండిపోతాయి.

తేమ మీటరు చూపించే అంకెని గుడ్డిగా నమ్మొద్దు. గుడ్డు బరువు చూడండి. పెట్టిన రోజు నుంచి చిట్లే సమయానికి గుడ్డు బరువు 11 నుంచి 13 శాతం తగ్గాలి. కౌజు గుడ్డు 10 నుంచి 12 గ్రాములే ఉంటుంది కాబట్టి ఒక్కొక్కటీ తూచొద్దు, ఇరవై గుడ్లు కలిపి తూచండి. మొదటి రోజు 220 గ్రాములుంటే ఏడో రోజుకి 208 దగ్గర, పద్నాలుగో రోజుకి 196 దగ్గర ఉండాలి. ఏడో రోజున 214 ఉందంటే గుడ్డు ఆరడం లేదు, నీళ్లు తీసేయండి, గాలి రంధ్రాలు పెంచండి. 200కి పడిపోతే నీళ్లు పెట్టండి. అప్పుడు తుని అయినా ధర్మవరం అయినా గొడవ ఉండదు.

ధర్మవరం_నాగరాజు

ఇది బాగుంది డాక్టర్ గారూ. తూచాలన్న ఆలోచనే రాలేదు.

ఫ్రిస్కో_లక్ష్మి

మేం టెక్సాస్‌లో ఉంటాం. బ్యాక్‌యార్డ్‌లో కౌజులు పెంచేవాళ్లు ఇక్కడ చాలామందే ఉన్నారు, కౌజుని శాస్త్రీయ నామంతో కోటర్నిక్స్ అనే అడుగుతారు. డాక్టర్ గారి లెక్క మా ఇంట్లో బాగా కనిపిస్తుంది. చలికాలంలో హీటర్ వేసిన గదిలో పెడితే నీళ్లు లేకుండా పెట్టెలో తేమ 13, 14 దాటదు. అదే మెషీన్, అవే గుడ్లు. వేసవిలో గరాజ్‌లో పెడితే నీళ్లు దాదాపు అక్కర్లేదు.

ఒకటి అడగాలి. మీలో ఎవరైనా హైగ్రోమీటర్, అదే తేమ కొలిచే మీటరు, సరిచూసుకుంటారా? నా దగ్గర రెండున్నాయి, పక్కపక్కనే పెడితే రెండింటికీ పది శాతం తేడా. చివరికి ఉప్పు పరీక్ష చేశాను. సీసా మూతలో ఉప్పు వేసి, తడి ఇసుకలా అయ్యేంత వరకే నీళ్లు కలిపి, మీటరుతో పాటు గాలి పోని జిప్ కవర్లో పెట్టి రాత్రంతా వదిలేయాలి. పొద్దున 75 చూపించాలి. 68 చూపిస్తే మీ మీటరు ఏడు తక్కువ చెప్తోందని గుర్తుపెట్టుకోవాలి. ఉప్పు మీటరుకి తగలకూడదు.

కైకలూరు_పెద్దాయన

మంచి మాట చెప్పావమ్మా. వేడికి కూడా అదే. జ్వరం చూసే డిజిటల్ థర్మామీటర్ ఇంట్లో ఉంటుంది కదా, దాని మొన గుడ్ల ఎత్తులో పెట్టి చూడండి. 37, 38 దగ్గర అది కొలిచినంత నిక్కచ్చిగా ఈ చవక బోర్డులు కొలవవు.

కరెంటు_శీను

నేను ఎలక్ట్రీషియన్ని, పెట్టెలు కట్టి ఇస్తుంటాను. సూరి గారూ, మీ పెట్టె ఫోటో పెట్టండి.

సూరి_తుని

ఫోటో పైకి ఎక్కడం లేదండి. మాటల్లో చెప్తా. బల్బు మూతకి మధ్యలో వేలాడుతుంది. సెన్సర్ వైరు బల్బు పక్కన గోడకి టేపుతో అంటించాను. ఫ్యాను ఒక మూల.

కరెంటు_శీను

సెన్సర్ బల్బు పక్కన వద్దు. అక్కడ 37.6 చూపించి బల్బు ఆగిపోతుంది, గుడ్ల దగ్గర 36 కూడా ఉండకపోవచ్చు. వేడి తక్కువైనా పిల్ల ఆలస్యంగా, నీరసంగా వస్తుంది. మీ కేసులో తేమతో పాటు ఇది కూడా ఉండొచ్చు. సెన్సర్‌ని గుడ్ల పై అంచు ఎత్తులో, వాటి మధ్యలో వేలాడదీయండి. బోర్డు సెట్టింగుల్లో ఆన్‌కి ఆఫ్‌కి మధ్య తేడా 2 డిగ్రీలు ఉంటుంది చాలావాటికి, దాన్ని 0.3కి తగ్గించండి. చిన్న గుడ్డు కదా, కోడిగుడ్డు కంటే త్వరగా వేడెక్కుతుంది, త్వరగా చల్లారుతుంది.

ఒక బల్బు బదులు 25 వాట్లవి రెండు, ప్యారలల్ కనెక్షన్‌లో. అర్ధరాత్రి ఒకటి మాడినా రెండోది కాపాడుతుంది. ఫిలమెంట్ బల్బే తీసుకోండి, ఎల్ఈడీకి ఈ పనికి సరిపడా వేడి రాదు. బల్బు చుట్టూ రేకు డబ్బా రంధ్రాలు చేసి తొడగండి. థర్మోకోల్ కరుగుతుంది, అంటుకుంటుంది. నీళ్ల పళ్లెం హోల్డరు కింద ఎప్పుడూ వద్దు. పెట్టె ఉన్న లైనుకి ఆర్‌సీసీబీ (షాక్ కొట్టకుండా కరెంటు ఆపేసే స్విచ్) లేకపోతే ముందు అది పెట్టించుకోండి, పిల్లల సంగతి తర్వాత.

సూరి_తుని

కరెంటు పోతే ఏం చెయ్యాలి శీను గారూ? మా షెడ్డుకి ఇన్వర్టర్ లైన్ లేదు.

కరెంటు_శీను

లైన్ లాగించుకోండి. 50 వాట్ల బల్బులు సగం సేపే వెలుగుతాయి, ఇంట్లో మామూలు 150 ఏహెచ్ బ్యాటరీకి రాత్రంతా అది లెక్కే కాదు.

పశువైద్య_మిత్ర

కరెంటు పోయిందని టెన్షన్ పడి పెట్టె పదిసార్లు తెరవకండి. దుప్పటి కప్పండి, గుడ్డ చుట్టిన వేడినీళ్ల సీసా లోపల పెట్టండి. పది రోజులు దాటిన గుడ్లయితే గాలి ఆడేలా ఒక పక్క సందు వదలండి, లోపల పిల్లలు ఊపిరి తీస్తుంటాయి. గంటో రెండు గంటలో చల్లబడితే పిల్లలు అర పూట ఆలస్యంగా వస్తాయి, అంతే. వేడి పెరిగితే మాత్రం గుడ్లు పోతాయి. 40 దాటి కొన్ని గంటలు ఉంటే లోపల ఏమీ మిగలదు.

ఇది రాయలసీమ వాళ్లకి మరీ ముఖ్యం. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం గదిలోనే 40 ఉంటే థర్మోస్టాట్ బల్బు ఆర్పగలదు కానీ చల్లబరచలేదు. రేకుల షెడ్డులో వద్దు. ఇంట్లో అన్నిటికంటే చల్లటి గదిలో, నేల మీద పెట్టుకోవాలి.

ధర్మవరం_నాగరాజు

పోయిన మేలో అదే జరిగినట్టుంది నాకు. ఒక్కటీ రాలేదు, గుడ్లు మంచివి కావనుకున్నా.

బోయినపల్లి_మేడమీద

మధ్యలో దూరుతున్నందుకు సారీ. నాకు బాతుల్లేవ్, కోళ్లు లేవ్, అపార్ట్‌మెంట్ మేడ మీద కొంచెం జాగా ఉంది. సూపర్ మార్కెట్‌లో ప్యాకెట్లలో అమ్మే కౌజు గుడ్లు పొదిగిస్తే వస్తాయా?

కైకలూరు_పెద్దాయన

రావని చెప్పలేను. ఫారాల్లో కొన్నిచోట్ల మగవి కలిసే ఉంటాయి కాబట్టి కొన్ని గుడ్లు కట్టి, అంటే పిల్ల వచ్చేలా ఫలదీకరణ జరిగి, ఉండొచ్చు. కానీ అవి ఎప్పటివో తెలీదు, ఫ్రిజ్‌లో ఉన్నాయి, కడిగి ఉంటారు. పొదిగించే గుడ్డు వారం లోపుది కావాలి, కడగకూడదు, చల్లటి గదిలో మొన కిందికి పెట్టి ఉంచాలి. గుడ్డు మీద రెట్ట ఉంటే గోరుతో గీకకండి, అది పక్కన పెట్టేయండి. రెండు మూడు ఆడవాటికి ఒక మగది చొప్పున ఉంచే వాళ్ల దగ్గర తీసుకోండి. అన్నాచెల్లెళ్లనే కలుపుకుంటూ పోయిన మందలో గుడ్లు తొందరగా చెడతాయి, కౌజుల్లో ఇది కోళ్లకంటే ఎక్కువ. ఏడాదికొకసారైనా మగవి వేరే చోటి నుంచి తెస్తారా అని అడగండి.

ఇంకోటి, అపార్ట్‌మెంట్ అన్నారు. మగ కౌజు అరుపు చిన్నది కాదు. కింది ఫ్లోర్ వాళ్లని ముందే మంచి చేసుకోండి.

బోయినపల్లి_మేడమీద

హహ, సరే అంకుల్. కోడి కింద పెట్టొచ్చు కదా, మెషీన్ ఎందుకు? మా అమ్మమ్మ అదే అంటోంది.

పశువైద్య_మిత్ర

కౌజు తనంతట తాను పొదగదు. 1974లో అమెరికాలోని కాలిఫోర్నియా నుంచి జపనీస్ కౌజుని మన దేశానికి తెచ్చారు. తర్వాత బరేలీ దగ్గర ఇజ్జత్‌నగర్‌లోని కేంద్ర పక్షి పరిశోధన సంస్థ మన వాతావరణానికి తగ్గ రకాలు తయారు చేసింది. గుడ్ల కోసం తరాల తరబడి ఎంచుకుంటూ వచ్చిన పక్షి ఇది, గుడ్డు పెట్టి వెళ్లిపోతుంది, కూర్చోదు.

పొదుగు మీదున్న నాటుకోడి కింద పెడితే వస్తాయి. బరువైన పెట్ట అయితే ఈ పల్చటి పెంకులు నలిగిపోతాయి, చిన్న పెట్ట ఉండాలి. పిల్ల 7, 8 గ్రాములే ఉంటుంది. కొన్ని పెట్టలు వాటిని తమ పిల్లలుగా ఒప్పుకోవు, పొడిచేస్తాయి. ఆరగానే తీసి బ్రూడర్‌లోకి, అంటే పిల్లల్ని వెచ్చగా ఉంచే పెట్టెలోకి మార్చండి. అన్నట్టు, పొలాల్లో ఉండే అడవి పూరేడు పిట్టలని, వాటి గుడ్లని మాత్రం ముట్టుకోవద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కేసవుతుంది.

మోడరేటర్

గుడ్లు అమ్ముతాం, కొంటాం అంటూ ఫోన్ నంబర్లతో పెట్టిన రెండు పోస్టులు తీసేశాం. దానికి వేరే విభాగం ఉంది.

సూరి_తుని

గుడ్లు తెచ్చాను. బస్సులో వచ్చాయి కదా, పెద్దాయన గారు మెసేజ్‌లో చెప్పినట్టు ఒక రోజు మొన కిందికి పెట్టి కదపకుండా ఉంచి పెట్టెలో పెట్టాను. నీళ్లు లేవు. సెన్సర్ మార్చాను. జ్వరం థర్మామీటర్‌తో చూస్తే బోర్డు అర డిగ్రీ ఎక్కువ చెప్తోంది, సరిచేశాను. బంగారం కొట్లో వాడేలాంటి చిన్న కాటా దొరికింది.

ఫోన్ టార్చి పెట్టి లోపల చూద్దామంటే మచ్చల పెంకులో ఏమీ తెలియడం లేదు. ఎలా చూస్తారు?

ఫ్రిస్కో_లక్ష్మి

ఏడో రోజు దాకా ఆగండి. చీకటి గదిలో, టార్చి మీద నల్ల అట్టని గొట్టంలా చుట్టి గుడ్డు మొద్దు వైపు ఆనించాలి. తీసుకున్న గుడ్డు బతికే ఉంటే లోపల చాలా భాగం నల్లగా, గాలి గది మాత్రం వెలుగుతూ కనిపిస్తుంది. కట్టని గుడ్డు మొత్తం ఒకేలా వెలుగుతుంది. మచ్చలు మరీ ఎక్కువున్న వాటిని నేనైతే వదిలేస్తాను. పల్చటి పెంకు, పట్టుకుని చూస్తూ కూర్చుంటే పగిలేది మన చేతిలోనే.

సూరి_తుని

ఏడో రోజు తూచాను. డాక్టర్ గారు చెప్పిన లెక్కకి దాదాపు సరిగ్గా ఉంది, కాస్త ఎక్కువే తగ్గింది. నీళ్లు పెట్టాలా?

పశువైద్య_మిత్ర

వద్దు. అలాగే ఉండనివ్వండి. రోజులు ఎలా లెక్కపెడుతున్నారు? సోమవారం సాయంత్రం పెడితే మంగళవారం సాయంత్రానికి ఒక రోజు పూర్తయినట్టు. చాలామంది సోమవారాన్నే ఒకటి అనుకుని ఒక రోజు ముందే కంగారు పడతారు. 17వ రోజు చివర్లో మొదలై 18 లోపు చాలావరకు వచ్చేస్తాయి.

14 నిండాక తిప్పడం ఆపి, అడుగున గరుకుగా ఉండేది పరచండి. కిచెన్ అరల్లో వేసే రబ్బరు వల ఉంటుంది కదా, అది బాగుంటుంది. న్యూస్‌పేపరు వద్దు, దాని మీద కాళ్లు జారి రెండు పక్కలకి చీలిపోతాయి, అలాంటి పిల్ల నిలబడలేదు. ఇప్పుడు నీళ్లు పెట్టండి, మీ ఊళ్లో చిన్న తడి స్పాంజి చాలు, 65 దాటితే సరిపోతుంది. ఇక పెట్టె తెరవకూడదు.

ధర్మవరం_నాగరాజు

ఒకటి చిట్లి ఆగిపోతే? నేను చూస్తా ఉండలేక తీసేస్తా.

కైకలూరు_పెద్దాయన

అదే వద్దనేది. మూత తీశావంటే తేమ ఒక్కసారిగా పోతుంది, ఆ పిల్లని కాపాడబోయి చిట్లిన మిగతా వాటి పొరలు ఎండబెట్టినట్టవుతుంది. చిట్లాక కోయడానికి సగం రోజు పట్టొచ్చు. ముందొచ్చినవి ఆకలితో పోవు, పొట్టలో పచ్చసొన ఉంటుంది, ఒక రోజు ఏమీ తినకపోయినా ఆగుతాయి. అన్నీ ఆరి నూగు పొంగాక ఒకేసారి తీయి.

సూరి_తుని

వచ్చాయండీ! ఈసారి మూడొంతుల పైనే. నిన్న మధ్యాహ్నం నుంచి ఒకదాని వెనక ఒకటి, రాత్రికి పెట్టె అంతా కిచకిచలు. పసుపు మీద నల్ల చారలు, ఈగంత చురుకు. ఆగిపోయిన వాటిలో రెండు విప్పి చూశాను, గాలి గది ఈసారి గుడ్డులో మూడో వంతు ఉంది.

ఇప్పుడు అట్టపెట్టెలో బల్బు కింద ఉన్నాయి. ఊక పరవనా?

కైకలూరు_పెద్దాయన

శుభం. ఊక ఇప్పుడే వద్దు, దాణా అనుకుని తినేస్తాయి. మొదటి నాలుగైదు రోజులు గోనెపట్టా. నీళ్ల మూతలో గులకరాళ్లు వేయండి, లేకపోతే మునిగిపోతాయి. ఇంత లోతే కదా అనుకోకండి. బ్రాయిలర్ ప్రీస్టార్టర్ దాణా మిక్సీలో ఒక తిప్పు తిప్పి రవ్వలా చేసి పెట్టండి. వేడి మొదటి వారం 35 పైన, తర్వాత వారానికి మూడు డిగ్రీలు తగ్గించుకుంటూ పోండి. బల్బు కింద ముద్దగా చేరితే చలి, మూలలకి పారిపోతే వేడి. పెట్టె ఉన్న బల్ల కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టండి, చీమలు పట్టాయంటే తెల్లారేసరికి ఏమీ మిగలవు.

ధర్మవరం_నాగరాజు

డాక్టర్ గారూ, నేనూ తూచినా. రెండు పళ్లాలున్నా నా గుడ్లు వారానికే పది శాతం తగ్గినాయి. పళ్లాలు నిండుగా పోస్తున్నా కదా?

పశువైద్య_మిత్ర

ఎంత లోతుగా పోశారన్నది లెక్కలోకి రాదు, నీళ్ల పైభాగం ఎంత వెడల్పు ఉందన్నదే లెక్క. పళ్లెంలో స్పాంజి నిలబెట్టండి, లేదా మందపాటి గుడ్డని సగం నీళ్లలో, సగం ఫ్యాను గాలికి తగిలేలా వేలాడదీయండి. గాలి రంధ్రాలు పూర్తిగా మూసేయకండి.

బోయినపల్లి_మేడమీద

మగవేవో ఆడవేవో ఎప్పుడు తెలుస్తుంది? అరిచేవి ముందే ఇచ్చేద్దామని.

కైకలూరు_పెద్దాయన

మామూలు గోధుమరంగు రకమైతే మూడో వారానికి. మగదాని రొమ్ము ఇటుక రంగులో మచ్చల్లేకుండా ఉంటుంది, ఆడదాని రొమ్ము మీద నల్ల చుక్కలుంటాయి. తెల్లవాటిల్లో రంగు చూసి చెప్పలేం, అయిదారు వారాలాగి తోక కింద నొక్కితే మగదానికి తెల్లటి నురుగు వస్తుంది. అప్పటికే అరుపులు మొదలైపోతాయి లెండి.

బోయినపల్లి_మేడమీద

అయితే గోధుమరంగువే తెస్తా.